ఇంకా రానివి

ఒడ్డుకు చేరిపోయిందనుకున్న తెప్ప ఒకటి ఇంకా సముద్రంలోనే ఉందని, తెల్లవారాక కంప్యూటర్ ముందు కూర్చున్న గుణశేఖర్‌కు తెలిసింది.



బయట వాయుగుండం గాలి ఇంకా తగ్గలేదు.

అది 2003. విశాఖ చేపల రేవులో పడవల సంఘం ఆఫీసు. వేటకు వెళ్లిన పడవనూ, తిరిగొచ్చిన పడవనూ కంప్యూటర్‌లోకి ఎక్కించడం గుణశేఖర్ ఉద్యోగం. సబ్బవరం రైతుబిడ్డ. ద్వారకా నగర్‌లో కంప్యూటర్ కోర్సు చేసి ఈ కుర్చీలోకి వచ్చాడు.

వందల పేర్లలో వెతుక్కోలేక ఒక ఫిల్టర్ పెట్టుకున్నాడు. దాన్ని ‘ఇంకా రానివి’ అనే పేరుతో వ్యూగా సేవ్ చేసుకున్నాడు. ఒక్క క్లిక్ చాలు, సముద్రంలో ఉన్న పడవలు మాత్రమే కనిపిస్తాయి.

నిన్న సాయంత్రం నొక్కాడు. తెర ఖాళీ.

"అందరూ వచ్చేశారు సార్" అన్నాడు.

వెతకడానికి సిద్ధం చేయించిన మరబోటును కార్యదర్శి తాతబాబు మళ్లీ కట్టేయించాడు.

ఇప్పుడు చూస్తే ఆ ఫిల్టర్‌లో ఇంకో షరతు ఉంది. ‘మరబోట్లు మాత్రమే’.

డీజిల్ లెక్కల కోసం మొన్న తనే పెట్టాడు. తీయడం మరిచిపోయి అదే పేరుతో సేవ్ చేసేశాడు. దాంతో తెప్పలన్నీ కనపడకుండా పోయాయి.

ఆ షరతు తీసేశాడు. ఒక వరస పైకి వచ్చింది.

వీరన్న తెప్ప. మనుషులు ముగ్గురు.

అప్పుడు గుర్తొచ్చాడు, నిన్న సాయంత్రం కిటికీ దగ్గర తడిసి ముద్దై నిలబడ్డ ఆ మనిషి.

"బాబూ, వీరన్న తెప్ప రానేదు. బోటు పంపండి."

గుణశేఖర్ మానిటర్ అతని వైపు తిప్పాడు. "చూడు. ఒక్క పేరైనా ఉందా?"

"నువ్వు అందరూ వొచ్చేశారన్నావని, వేరే రేవులో దిగుంటారని మావోళ్లు ఊరుకున్నారు. నాకు మనసొప్పట్నేదు."

"వీరన్న నీకేమవుతాడు?"

"ఏటీ అవడు."

"అయితే మీ ఊరి పెద్దల్ని తీసుకురా. చూద్దాం."

ఆ మాటకు అతను తల దించుకున్నాడు. వెనక్కి తిరిగి వానలోకి వెళ్లిపోయాడు.

లోపల గదిలోంచి తాతబాబు నవ్వు వినిపించింది. "ఎవడ్రా అది, కంప్యూటర్‌తో తగువెట్టుకుంటన్నాడు?"

ఇప్పుడు ఆ తాతబాబే, విషయం విని, వెంటనే మరబోటు తీయించాడు. గుణశేఖర్ స్కూటర్ మీద వీరన్న ఊరికి బయల్దేరాడు.

ఒడ్డున జనం మూగి ఉన్నారు. మధ్యలో దుప్పటి కప్పుకుని వీరన్న కూర్చున్నాడు. పక్కన మిగతా ఇద్దరూ.

గుణశేఖర్ ఇసకలో కూలబడ్డాడు. "బతికారు కదా. ముగ్గురూ వచ్చారు కదా."

"వొచ్చారు" అంది వీరన్న భార్య సీతాలు. ఆమె ముఖంలో సంతోషం లేదు. పక్కకు జరిగింది.

ఆమె వెనక, పరిచిన వల మీద, నిన్నటి మనిషి పడుకుని ఉన్నాడు. ఊపిరి లేదు.

"తవిటయ్య. ఈయనే ఎతుక్కుంటా ఎల్లాడు బాబూ. తాడు ఇసిరి ముగ్గుర్నీ తన పడవలోకి లాగాడు. ఒడ్డు కనపడ్డాక పెద్ద కెరటం కొట్టి ఈయన్ని నీళ్లలోకి ఇసిరేసింది."

"ఒక్కడే వెళ్లాడా? తోడు ఎవరూ వెళ్లలేదా?"

సీతాలు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఊరు ఎలేసిన మనిసి. మా అన్న కోటి పెద్దవల కోసేశాడని మూడేళ్ల కింద పంచాయితీలో తప్పేసి ఎలేశారు. ఎవరం మాటాడం. ఆయన పడవ ఎక్కం."

పెద్దల్ని తీసుకురమ్మని ఈ మనిషినే వెనక్కి పంపానని గుణశేఖర్‌కు అర్థమైంది.

లేచి నిలబడ్డాడు. చెప్పకుండా తప్పించుకోవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ చెప్పాడు.

"మీ తెప్ప కంప్యూటర్‌లో కనపడకుండా చేసింది నేనే. ఈయన వచ్చి చెప్పినా వినలేదు. వినుంటే మరబోటు వెళ్లేది. ఈయన బతికుండేవాడు."

గుంపులోంచి కోటి దూసుకొచ్చి గుణశేఖర్ చొక్కా పట్టుకున్నాడు. చెయ్యి ఎత్తాడు.

"ఆణ్ణొగ్గేయ్ బావా" అన్నాడు వీరన్న.

దుప్పటి జారిపోతున్నా పట్టించుకోకుండా వచ్చి, తవిటయ్య కాళ్ల దగ్గర కూర్చున్నాడు. కోటి వైపు చూడలేదు.

"నీ వల కోసింది ఈయన కాదు, నాను. కోత్తుంటే ఈయన సూశాడు. ఈయన నోరు తెరిసేలోగా పంచాయితీలో నానే ఈయన పేరు సెప్పేశాను. రాత్రి, అది నా తెప్పే అని తెలిసే వొచ్చాడు."