దారాల వరుస

"మా వంశంలో ఈ లోపం ఎవరికీ లేదయ్యా! మీ వైపు నుంచే వచ్చుంటుంది," అని కుట్టుమిషన్ ఆపి మరీ అల్లుడి మీద విరుచుకుపడ్డాను.

మనవడికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదట. కంటి పరీక్షలో తప్పడంతో రైలు నడిపే ఉద్యోగం చేతిదాకా వచ్చి పోయింది.

అల్లుడు మా దుకాణంలోనే గుడ్డ కత్తిరిస్తాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల ముందు తల దించుకున్నాడు.

అంతకుముందే మనవణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. "ఇది తండ్రి నుంచి కొడుక్కి రాదు పెద్దాయనా. తల్లి నుంచి వస్తుంది. ఆ తల్లికి చాలాసార్లు తన తండ్రి నుంచే వస్తుంది," అన్నాడాయన. ఆ మాట గుటుక్కున మింగి ఇంటికొచ్చాను.

నాకూ ఆ రెండు రంగులూ ఒకటే. పెట్టెలో దారపు రీళ్లు ఉన్న వరుసను బట్టి నలభై ఏళ్లు నెట్టుకొచ్చాను. వరుస సర్దేది నా భార్య. సంగతి తెలిసిందీ ఆమెకే. ఆమె పోయి ఏడేళ్లయినా వరుస చెదరలేదు. ఎందుకు చెదరలేదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

"మీ వాళ్లలో ఎవరికుందో కనుక్కో, పో!" అని చెయ్యి విసిరాను. మోచెయ్యి తగిలి రీళ్ల పెట్టె బోర్లా పడింది.

అల్లుడు కత్తెర పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, రీళ్లన్నీ ఏరాడు. తడుముకోకుండా పాత వరుసలోనే పేర్చాడు, రోజూ చేసే పనిలా.

పెట్టె నా ముందు పెట్టి, నాకొక్కడికే వినపడేలా అన్నాడు:

"ఎరుపు ఎడమ చివరే ఉంది మామయ్యా."