లవంగం కింద ఉంగరం

"కేకు నేనే కోస్తాను పెద్దమ్మా," అంది మార్లా.

"పాతకాలం పద్ధతిలో విందన్నావు కదే. పాతకాలంలో కేకు కోసేది అందరికంటే ముసలిది. నాకంటే ముసలివాళ్ళు ఈ గదిలో ఎవరున్నారో చూపించు," అంది బ్యూలా పెద్దమ్మ. కత్తి అప్పటికే ఆమె చేతిలో ఉంది.

మార్లా చాచిన చేయి వెనక్కి తీసుకుంది. ఈ హాలోవీన్ విందు అమ్మమ్మల కాలంలోలా జరగాలని పట్టుబట్టింది తనే. దీపాలార్పి గుమ్మడికాయల్లో కొవ్వొత్తులు వెలిగించిందీ తనే, గోడల నిండా నల్లకాగితం పిల్లుల్ని అంటించిందీ తనే, అటకమీది పెట్టెల్లోంచి తీసిన బట్టలే తొడుక్కురావాలని అతిథులకు షరతు పెట్టిందీ తనే. గుమ్మడి కమురు వాసనా, కలరా ఉండల వాసనా గదిలో జంటగా తిరుగుతున్నాయి.

కేకు కూడా ఆ కాలపుదే. దాని అడుగున గాట్లు పెట్టి ఒక గుండీ, ఒక నాణెం, ఒక ఉంగరం దాచాలి. నాణెం దొరికినవారికి సంపద, గుండీ దొరికినవారికి ఒంటరి బతుకు, ఉంగరం దొరికినవారికి ఏడాది తిరక్కుండా పెళ్ళి. ఉంగరం మార్లా అమ్మమ్మది, ఎర్రరాయిది. అది ఎమ్మెట్‌కు దక్కాలి. ఎమ్మెట్ ఊళ్ళో ఇనుపసామాన్ల కొట్టు నడుపుతాడు. పరుపు కొనడానికి రెండేళ్ళు ఆలోచించిన మనిషి. ఏడేళ్ళుగా ప్రతి ఆదివారం మార్లా ఇంట్లో భోంచేస్తూ, పెళ్ళి మాటను నాలుక చివరిదాకా తెచ్చుకుని, అక్కడ దాన్ని "ఉప్పు ఇటివ్వు" అని మార్చుకునే మనిషి. ఇంకో ఏడేళ్ళు ఉప్పు అందించే ఓపిక మార్లాకు లేదు.

అందుకే ఉంగరం చోటుకు గుర్తుగా పొద్దున్నే కేకు మీద ఒక లవంగం గుచ్చింది. ఆ ముక్క అతని పళ్ళెంలో పడితే చాలు. మిగతాది ఆచారమే మాట్లాడుతుంది.

పెద్దమ్మ మూత తీసింది. కేకు నిండా లవంగాలు.

"ఒక్కటే ఉంటే ఈగ వాలినట్టుంది," అంది పెద్దమ్మ. "గోడమీది పిల్లి ఊడిపడిందని నువ్వటు పరిగెత్తావు చూడు, అప్పుడే మిగతావి నేను గుచ్చేశాను. ముచ్చటగా లేదూ?"

"ముచ్చటగానే ఉంది," అంది మార్లా.

పెద్దమ్మ కళ్ళు మూసుకుని పళ్ళేన్ని గిర్రున తిప్పి, కేకును ఐదు ముక్కలుగా కోసి పంచింది. పక్కింటి ట్రూడీకి నాణెం వచ్చింది. ట్రూడీ మొగుడు లాయిడ్‌కు గుండీ వచ్చింది.

"ఒంటరి బతుకట," అన్నాడు లాయిడ్ గుండీని కొవ్వొత్తి దగ్గర పెట్టి చూస్తూ. "ఈ కబురు ముప్పయ్యేళ్ళ కిందట అందాల్సింది."

"అప్పుడు కేకు చేసింది మీ అమ్మ. ఆవిడ చేసిన దాంట్లో గుండీ ఏదో పిండి ఏదో ఎవరికి తెలుస్తుంది?" అంది ట్రూడీ.

పెద్దమ్మ ముక్కలో లవంగాలు తప్ప ఏమీ లేవు. మార్లా ముక్కలో అవీ సరిగా లేవు. ఇక మిగిలింది ఎమ్మెట్. అన్ని పనుల్లాగే తినడం కూడా అతనిది నిదానం. తాతగారి కోటులో బిగుసుకుని కూచుని, పొడిపొడిగా తుంచుకుంటూ, నములుతూ, ఆగుతూ తిన్నాడు. చివరి తునకా అయిపోయింది. పళ్ళెంలో ఏమీ టంగుమనలేదు.

"మరి ఉంగరం?" అంది ట్రూడీ.

వీధిలో మిఠాయిల కోసం ఇల్లిల్లూ తిరిగే పిల్లల కేకలు దూరమయ్యాయి.

ఎమ్మెట్ ఫోర్కు కింద పెట్టాడు. "నేను మింగేశాను," అన్నాడు.

"ఏం మింగావు?"

"ఉంగరమే. అక్రోటు పలుకనుకున్నాను. గుండ్రంగా ఉంది, చల్లగా ఉంది. రాయి గీసుకుంటూ దిగింది."

అతను ఒక్కసారిగా ఇన్ని మాటలాడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

ట్రూడీ ఆసుపత్రిలో నర్సు. లేచి నిలబడింది. "లాయిడ్, కారు తియ్యి. ఎక్స్‌రే తీయిద్దాం."

"వద్దు," అన్నాడు ఎమ్మెట్ గబుక్కున. "పాతకాలం విందులో ఎక్స్‌రే ఏమిటి? పద్ధతంటే పద్ధతే."

"అసలు మింగితే లెక్కలోకి వస్తుందా, పెద్దమ్మగారూ?" అన్నాడు లాయిడ్. "దొరకడం వేరు, దిగడం వేరు కదా."

పెద్దమ్మ తీర్పు చెప్పేవారిలా కాసేపు కళ్ళు మూసుకుంది. "వేలికుంటేనేం, కడుపులో ఉంటేనేం. ఉంగరం మనిషి దగ్గరే ఉంది కదా. చెల్లుతుంది."

ఎమ్మెట్ లేచాడు. కోటు జేబులోంచి ఒక కలరా ఉండ జారి నేలమీద దొర్లిపోయింది. దాన్ని అందరూ చూశారు, అతను చూడలేదు.

"మార్లా, ఆచారాన్ని కాదంటే బాగుండదు. ఏడాది లోపల అంటున్నారు. నీకు ఏప్రిల్‌లో వీలవుతుందా?"

"వీలవుతుంది," అంది మార్లా.

ట్రూడీ నల్లకాగితం రుమాలుతో కళ్ళు ఒత్తుకుంది. రంగు దిగి బుగ్గలు రెండూ నల్లబడ్డాయి.

"ఏడుపులు తర్వాత. ముందు ఆ అబ్బాయికి నీళ్ళివ్వండి," అంది పెద్దమ్మ.

మార్లా వంటింట్లోకి వెళ్ళింది. చేతికందిన కప్పును, కిటికీ గట్టు మీద బోర్లించి ఉన్నదాన్ని, పైకెత్తింది. కింద, పొద్దున వేడినీళ్ళలో కడిగి, ఆరాక కేకులో దూర్చాలనుకుని, దొర్లిపోకుండా కప్పు మూసి, పిల్లి ఊడిపడిందని పరిగెత్తి మరిచిపోయిన ఎర్రరాయి ఉంగరం ఉన్నచోటే ఉంది.

దాన్ని ఏప్రన్ జేబులో వేసుకుంది. కప్పు నిండా నీళ్ళు పట్టి తెచ్చి అతని చేతికిచ్చింది.

"మెల్లిగా తాగు ఎమ్మెట్," అంది. "రాయి ఇంకా గొంతులోనే ఉందేమో."