గుప్పెడు బియ్యం

తెనాలి ఆఫీసులో రాజీనామా ఇచ్చి, మధ్యాహ్నం ప్యాసింజర్‌కే రేపల్లె వచ్చేశాను. యాభై రెండేళ్లకే ఎవరి జీతం మీదా ఆధారపడక్కర్లేని మనిషినయ్యాను. సంతోషం రాలేదు, కాళ్లు లాగుతున్నాయంతే. పొదుపు కోసం పద్నాలుగేళ్లు స్టేషన్ దగ్గర ఆటో ఎక్కలేదు, బయట టీ తాగలేదు.

నా భార్య స్టెల్లా అన్నం వడ్డిస్తోంది. వండేముందు గుప్పెడు బియ్యం తీసి చర్చికి దాచడం ఆమెకి తల్లి నేర్పిన అలవాటు. పొదుపు మొదలెట్టిన నెలలోనే నేను మాన్పించాను.

"ఇక మనకేం ఫర్వాలేదు. ఆ గుప్పెడు బియ్యం మళ్లీ తియ్యి," అన్నాను, దానం చేస్తున్నవాడిలా.

"మానిందెప్పుడండీ?" అంది.

నాకు ఒళ్లు మండింది. "అబద్ధమాడకు. బియ్యం బస్తా నేను చెప్పినన్ని రోజులూ వస్తూనే ఉందిగా!"

"వస్తుందండీ. మీకైతే తక్కువ చెయ్యలేదుగా," అంటూ తన కంచం దగ్గరికి లాక్కుంది.

పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆ కంచంలోకి చూశాను. చంటిపిల్లకి పెట్టినంత అన్నం ఉంది.

గరిటె అందుకుని, "ఇంకాస్త పెట్టుకో," అన్నాను.

స్టెల్లా కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడిక పట్టదండీ."