శుక్రవారం ఊడే వైరు

వేలిముద్ర మిషను వైరు మళ్లీ ఊడింది. ఓనరు మోహనకృష్ణకు ఒళ్లు మండిపోయింది.

“ఇదేటమ్మా రాజకుమారీ, శుక్రవారం వస్తే సాలు ఊడిపోతన్నాది? పనోణ్ణి పంపతన్నాను. ఆడివల్ల కూడా అవకపోతే ఆ జగ్గమ్మని ఇంకో సెంటరుకి పొమ్మను,” అని ఫోను పెట్టేశాడు.

రాజకుమారి ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉంది.

ఆమదాలవలస స్టేషను వెనక సందులో చిన్న బ్యాంకు సేవా కేంద్రం అది. అందులో పనిచేసేది ఆమె ఒక్కతే. రోజంతా ఆమె నోట్లోంచి వచ్చే మాటలు రెండే. ఆధార్ నంబరు చెప్పండి. వేలు పెట్టండి. పొద్దుపోయి అద్దె గదికి చేరాక ఆ రెండూ కూడా ఉండవు.

జగ్గమ్మ పక్క ఊరి నుంచి శుక్రవారం ఆటోలో వస్తుంది. ఖాతాలో పడిన కూలి డబ్బుల్ని వారానికి కాస్త చొప్పున తీసుకోవడం ఆవిడ అలవాటు. ఆవిడ వచ్చి కూర్చున్నాకే వైరు ఊడేది. ఊడితే ప్రోగ్రాం చచ్చేది. మళ్లీ అంతా మొదట్నుంచి లేపేసరికి గంట.

ఆ గంటా జగ్గమ్మ ఒక్క మాట విసుక్కునేది కాదు. సంచిలోంచి ఉడకబెట్టిన తేగ తీసి, ఒలిచి, సగం విరిచి ఇచ్చేది. “తిను గుంటా, సిక్కిపోనావు,” అనేది. అన్నం తిన్నావా, జ్వరం తగ్గిందా అని రాజకుమారిని అడిగే మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే.

గురువారం త్రినాథ్ వచ్చాడు. కంప్యూటర్ల పనివాడు. టేబుల్ కిందకి దూరి చూశాడు.

“వైరు కింద ఏలాడుతన్నాది అక్కా. ముసలమ్మ కాలు తగుల్తన్నట్టుంది. కట్టేద్దునా?”

“వద్దు. కట్టేస్తే మిషను ముసలోళ్ల సేతి దాకా రాదు,” అంది రాజకుమారి. “మామ్మ తప్పేటీ నేదు తమ్ముడూ. ఆవిణ్ణి రావద్దనమని మాత్రం సార్‌కి సెప్పకు,” అని బతిమాలింది.

త్రినాథ్‌కి జాలేసింది. “ఎందుకు సెప్తానక్కా? ఊడకుండా ఆపనేను గానీ, ఊడినా నష్టం నేకుండా సేస్తాను.”

కూర్చుని కంప్యూటరుకి రెండు రూల్సు రాశాడు. మిషను ఊడితే ప్రోగ్రాం చావకూడదు, ఆగి చూస్తూ ఉండాలి. మళ్లీ తగిలించగానే ఆగినచోట అందుకోవాలి. రాశాక వైరు పీకాడు, పెట్టాడు. పీకాడు, పెట్టాడు. రెండు సెకన్లలో లైటు వెలిగింది.

“ఇంక మామ్మ వందసార్లు తన్నినా ఏటీ అవదు,” అన్నాడు గర్వంగా.

రాజకుమారి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

శుక్రవారం జగ్గమ్మ వచ్చింది. కూర్చుంది. నంబరు చెప్పింది. వైరు ఊడింది.

రాజకుమారి వంగి మళ్లీ పెట్టింది. లైటు టక్కున వెలిగింది. జగ్గమ్మ వేలు పెట్టింది. పని అయిపోయింది.

“ఓలమ్మా, ఇయ్యాల ఇంత బేగి అయిపోనాదేటే!” జగ్గమ్మ సంబరపడిపోయింది. “ముందు ఆటో అందుతాది. ఎల్లొస్తానే గుంటా.”

తేగల సంచి చంకన పెట్టుకుని గబగబా మెట్లు దిగింది. వెనక్కి తిరిగి చూసే తీరిక కూడా లేదు. ఆటో వెళ్లిన చప్పుడు వినిపించింది.

ఎదురుగా ఖాళీ కుర్చీ. దాని వైపే చూస్తూ రాజకుమారి చాలాసేపు కూర్చుంది.

తర్వాత, ఇన్నాళ్లూ ప్రతి శుక్రవారం ఆ వైరును పీకిన తన కాలి బొటనవేలిని మెల్లగా చెప్పులోకి దూర్చుకుంది.