మూలన ఎర్రదారం

ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు ఇంకా ఆగనే లేదు, గిడ్డయ్య తువ్వాల కిటికీలోంచి దూరి సీటు మీద పడింది.

తీరా ఎక్కి చూస్తే ఆ సీట్లో ఒక ముసలామె కూర్చుని ఉంది. తలమీద కొంగు, ఒడిలో బట్టలమూట. తువ్వాల మడిచి పక్కన పెట్టింది.

"లెయ్యవ్వా. ఈడ నేను తువ్వాల ఏసినా."

"ఏసినావు గానీ, కూర్చున్నెది నేను కదప్పా."

"ఏసినోళ్లదే సీటు. ఈ బస్సుల్లో అదే రూలు."

కండక్టరు కూడా అదే రూలన్నట్టు తలూపాడు. ఆమె లేచి, పక్కనే కింద కూర్చుంది.

గిడ్డయ్య దర్జాగా కూర్చుని, తన దుప్పట్ల కట్టను తొడల మీద పెట్టుకున్నాడు.

"అన్ని దుప్పట్లు, యాడన్నా పెండ్లా?" అడిగింది ముసలామె.

"యుద్ధం" అన్నాడు గిడ్డయ్య.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వుకు అతని గొంతు పెరిగింది. బస్సంతా వినేలా చెప్పుకొచ్చాడు.

సర్కారు ఆసుపత్రులకు దుప్పట్లు కావాలని టెండరు పిలిచారు. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల తరఫున గిడ్డయ్య ధర వేశాడు. ఆదోని వ్యాపారి యూనుస్ మిల్లు దుప్పట్లకు అంతకంటే తక్కువ వేశాడు. కాంట్రాక్టు యూనుస్‌కు పోయింది. ధర ఒక్కటే చూశారు, మన్నిక చూడలేదని గిడ్డయ్య అభ్యంతరం పంపాడు. ఈరోజే ఆదోని ఆఫీసులో విచారణ.

"ఓడిపోతే?"

"మగ్గాలు ఆగిపోతాయి. మా వీధి వీధంతా బళ్లారి పక్క కూలికి పోవాల. అయినా నేను ఓడిపోయేది ల్యా."

"తక్కువకిస్తే సర్కారుకు మేలే కదప్పా?"

"ఏం మేలు? ఆసుపత్రోళ్లు సోడా ఏసి నాలుగుసార్లు ఉడకబెడితే వాని దుప్పటి జల్లెడ. అప్పుడు బాలింతలు ఉత్త ఇనపమంచం మీద పండుకోవాల. ఆ యూనుస్‌ను కన్నతల్లి నాకు కనపడితే అడుగుతా, కొడుక్కు నేర్పింది ఇదేనా అని."

ముసలామె కిటికీ వైపు చూసింది.

"అడుగుదువులే."

తర్వాత తనలో తను అనుకున్నట్టు అంది.

"నా బిడ్డ మొన్ననే కనింది. ఎమ్మిగనూరు ఆసుపత్రిలోనే ఉండాది."

ఆదోని దగ్గరపడుతుండగా మళ్లీ అడిగింది.

"మీది గట్టిదని ఎట్ల సూపిస్తావు?"

"ఇవో, కొత్తవి తెచ్చినా కదా. కండ్లుంటే సాలు."

"కొత్తవా? పెండ్లినాడు అందరు అల్లుండ్లూ మంచోళ్లేనప్పా."

బస్సు మళ్లీ నవ్వింది. ఈసారి గిడ్డయ్యను చూసి.

ఆదోనిలో దిగాక ఆమె మూట విప్పింది. బట్టలు కొంగులో వేసుకుని, మూట కట్టిన దుప్పటిని మడిచి అతని చేతికిచ్చింది. నీలం చారలు వెలిసిపోయాయి. ఒక మూల కాలినచోట ఎర్రదారంతో కుట్టి ఉంది.

"ఇది మీ ఊరి మగ్గందే. సూపించు."

"ఈ పాతగుడ్డా? నవ్వుతారవ్వా."

"నవ్వనీ."

"మల్లా యాడికి తెచ్చియ్యాల?"

"దాని ఇల్లు దానికి తెలుసులే, పో."

గిడ్డయ్యకు టైమైపోతోంది. దుప్పటిని చంకలో దోపుకుని ఆఫీసు వైపు పరుగెత్తాడు.

అధికారి ఇద్దరి కొత్త దుప్పట్లూ బల్లమీద పరిపించాడు. ఎదురు కుర్చీలో యూనుస్ కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"రెండూ బాగున్నాయి. ఆయన ధర తక్కువ. మీకు ఎక్కువ ఇచ్చి మేం కొనేదేమిటి?"

"ఏండ్లు సార్" అన్నాడు గిడ్డయ్య. "మాది ఏండ్లకేండ్లు ఉంటాది."

"రుజువు?"

"తడిపి పిండి సూడండి సార్."

ప్యూను రెండింటినీ బకెట్లో ముంచి పిండాడు. రెండింట్లోంచీ గంజి తెల్లగా దిగింది. తేడా ఏమీ లేదు.

యూనుస్ నవ్వాడు. "కొత్తదాంట్లో ఏం తెలుస్తాది గిడ్డయ్యన్నా?"

ఇక దారిలేదు. గిడ్డయ్య చంకలోని పాత దుప్పటి తీసి బల్లమీద పెట్టాడు.

అధికారి దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూశాడు. రెండు చేతులా పట్టి బలంగా గుంజాడు. పోగు కదల్లేదు.

"ఎన్నేళ్లది?"

గిడ్డయ్య అవ్వను ఆ ఒక్కమాట అడగనే లేదు.

"తెలీదు సార్. బస్సులో ఒక అవ్వ ఇచ్చింది. పేరు కూడా అడగల్యా."

"వయసు తెలియని దుప్పటితో మన్నిక ఎలా తేల్చమంటారు?" అధికారి కలం అందుకున్నాడు. "అభ్యంతరం కొట్టేస్తున్నాను."

"ఒక్క నిమిషం సార్."

యూనుస్ లేచి వచ్చాడు. దుప్పటి మూల పట్టుకుని ఎర్రదారం కుట్టును బొటనవేలితో తడిమాడు. చాలాసేపు ఆ వేలు తీయలేదు.

"అన్నా, ఆ అవ్వకు బస్సులో సీటన్నా దొరికిందా?"

గిడ్డయ్య తల దించుకున్నాడు.

యూనుస్ అధికారి వైపు తిరిగాడు.

"రాసుకోండి సార్. ఆ దుప్పటి నా ఈడుది."

"మీకెలా తెలుసు?"

"లాంతరు మీద ఏసి మూల కాల్చింది నేను సార్, దాన్ని ఎర్రదారంతో కుట్టింది, అంతకుముందు నేను పుట్టిననాడు నన్ను అందులో సుట్టుకున్నెది మాయమ్మ."