నాదేది, దానిదేది

“జుట్టుకి నూనె రాయొద్దని చెప్పాను కదా ఆంటీ,” అన్నాడు సౌరభ్ హిందీలో. అతని చేతిలో తీగలు వేలాడే టోపీ ఒకటి ఉంది. “నూనె ఉంటే ఇవి తలకి అంటుకోవు. మెదడు సిగ్నల్ దొరకదు.”

ఈశ్వరి కూతురి జడ వంక చూసింది. కొబ్బరినూనె చెవి పక్క నుంచి మెడ మీదకి జారుతోంది.

“భూల్ గయీ బాబూ. ఇంకోరోజు వస్తాంలే.”

“మరిచిపోలేదు,” అంది వెన్నెల. “జాన్‌బూఝ్‌కర్, కావాలనే రాసింది. వద్దంటుంటే తల ఒళ్ళో పెట్టుకుని మరీ రాసింది.”

సౌరభ్ సొరుగులోంచి షాంపూ పొట్లం తీసి ఇచ్చి, ఆసుపత్రి వరండా చివరి బాత్రూము చూపించాడు.

వెన్నెల కుళాయి కింద తల పెట్టింది. ఈశ్వరి తలుపు దగ్గర నిలబడింది.

“ఇంటికెల్లిపోదామే. సాక్చి ఆటో ఇప్పుడే దొరుకుద్ది.”

“క్యూఁ?”

“క్యూఁ ఏటి? నాకున్న జబ్బే నీకూ ఉందంటారు. మన బిర్సానగర్లో నన్ను పగ్లీ, పిచ్చిది అంటన్నారు, నీకు తెల్దేటి? ఒక ఇంట్లో ఇద్దరు పగ్లీలా?”

“పతా తో చలే, అమ్మా.”

“ఉందని తెలిత్తే మాత్రలిత్తారు. ఆ మాత్రలు ఏసుకుంటే ఏటవుద్దో నన్ను సూడు. వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టినదాన్ని. ఇప్పుడు సెయ్యి వణికి సూదిలో దారం ఎక్కదు. నిన్ను పిలవాలి.”

“నేనొచ్చి సూదే ఎక్కడో పడేస్తాను.”

“అదే మరి. అందుకే నాకు బయ్యం,” అంది ఈశ్వరి. కానీ కొంగుతో కూతురి తల తుడిచింది.

గదిలోకి వచ్చేసరికి డాక్టరు కల్పన ఉంది. ఆవిడ పుట్టిల్లు సోంపేట. అందుకే ఈశ్వరి ఆవిడతో తెలుగులోనే మాట్లాడుతుంది.

“అమ్మా, దీనికి ఏటీ నేదు కదా? పరీచ్చలప్పుడు పుస్తకం ముందేసుకుని గోడ సూత్తాది. ఏ పనీ పూర్తి సెయ్యదు. ఊరికే కోపం తెచ్చుకుంటాది, మల్లీ ఊరికే నవ్వుతాది. అంతే.”

“అదే చూద్దామనుకుంటున్నాను,” అంది కల్పన. “ఏడీహెచ్‌డీ అయితే మనసు ఒకచోట నిలవదు, చిన్నప్పట్నుంచీ అంతే. మీకు పాత డాక్టరు ఉందని చెప్పిన బైపోలార్ అయితే కొన్నాళ్ళు పట్టరాని హుషారు, కొన్నాళ్ళు మంచం దిగలేని దిగులు. ఆడవాళ్ళలో రెండూ పైకి ఒక్కోసారి ఒకలాగే కనిపిస్తాయి. అందుకే ఇద్దరిదీ మెదడు పనితీరు తీసి పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. మీది పోయినవారమే తీశాం కదా.”

“ఆ గీతలు సూసి సెప్పేత్తారా?”

“గీతలొక్కటే చూసి ఏదీ చెప్పను. మీ ఇద్దరూ చెప్పినవి, మీ అక్క సన్యాసమ్మగారు ఫోన్లో చెప్పినవి, అన్నీ కలిపే చూస్తాను.”

వెన్నెల తడి తల మీద సౌరభ్ టోపీ బిగించాడు. ఎదురుగా తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి పోతుంటాయి. ఒక ప్రత్యేకమైన అక్షరం వచ్చినప్పుడు మాత్రమే బటన్ నొక్కాలి. మిగతావాటికి చెయ్యి కదపకూడదు.

ఈశ్వరి అద్దం గోడకి ఇవతల సౌరభ్ పక్కన నిలబడింది. కొంతసేపు వెన్నెల బాగానే నొక్కింది. తర్వాత నొక్కకూడని చోట నొక్కింది. ఆ తర్వాత అక్షరం వచ్చినా నొక్కలేదు. గోడ మీది బల్లి ఎటు పోతోందో చూస్తోంది.

“నొక్కవే, నొక్కు,” అని గొణిగింది ఈశ్వరి.

“మీరే నయమా ఆంటీ?” అన్నాడు సౌరభ్. “పోయినవారం బటన్ వదిలేసి, ఈ పరదా ఎవరు కుట్టారు, అంచు వంకరగా ఉందేమిటని నన్నడిగారు.”

“వంకరే కదా మరి.”

పరీక్ష అయ్యాక వాళ్ళు బయట టీ తాగారు. గ్లాసు తొణక్కుండా ఈశ్వరి రెండు చేతులతో పట్టుకుంది. వెన్నెల ఆ చేతుల్నే చూసింది.

“నాకూ అలాగే అవుతుందా?” ఈసారి తెలుగులోనే అడిగింది.

ఈశ్వరి జవాబు చెప్పేలోపు సౌరభ్ పిలిచాడు.

కల్పన కంప్యూటర్ తెరను వాళ్ళ వైపు తిప్పింది. ఒకదాని కింద ఒకటి రెండు గీతలున్నాయి. వంపు దగ్గర వంపు, దిగుడు దగ్గర దిగుడు.

“ఇందులో నాదేది, దానిదేది?” అంది ఈశ్వరి.

“మీరే చెప్పండి.”

ఈశ్వరి తెర దగ్గరికి వంగి చూసింది. ఏది ఎవరిదో తెలియలేదు. మెల్లగా కుర్చీలో కూర్చుంది.

“అయితే నాకున్నదే దీనికీ ఉందన్నమాట.”

“అవునండీ. గీతలే కాదు, మిగతా అన్నీ కూడా అదే చెబుతున్నాయి. మీకున్నదే అమ్మాయికీ ఉంది.”

వెన్నెల తల దించుకుంది. ఈశ్వరి కూతురి చెయ్యి తీసుకుంది. తన చెయ్యి వణుకుతుంటే ఆ పిల్ల చెయ్యి కూడా కదిలింది.

“ఒక్క మాట అమ్మా. దీనికింకా పద్దెనిమిదేళ్ళు నిండనేదు. నాకిచ్చిన మాత్రలు దీనికి రాయకండి. మీ కాల్లట్టుకుంటాను.”

“రాయను,” అంది కల్పన. “మీవి కూడా మెల్లగా ఆపేద్దామనుకుంటున్నాను. మీ ఇద్దరికీ ఉన్నది ఏడీహెచ్‌డీ. బైపోలార్ మీకెప్పుడూ లేదు ఈశ్వరిగారూ.”