మూల బల్ల మనిషి

ఆ మనిషి మళ్లీ వచ్చాడు.

బర్గర్ల కొట్టు యజమాని గబుక్కున వంటగది వైపు తిరిగాడు.

"మావయ్యగారికి మంచినీళ్లు!" అని లోపలికి కేకేశాడు.

ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు వస్తే వంటగదికి అందే సంకేతం అది.

లోపల వంట చేసే అతని వదిన గబగబా టోపీ, చేతితొడుగులు వేసుకుంది. నల్లబడ్డ నూనె పారబోసి కొత్తది పోసింది.

"మీ మావయ్యకు రోజూ దాహమేనా? నా నడుం విరుగుతోంది" అని సణిగింది.

"మెల్లగా వదినా! గుమ్మం దగ్గర తనిఖీ రిపోర్టు చూస్తున్నావుగా. రెండు ఎర్ర మార్కులు. ఇంకొకటి పడిందా, కొట్టుకు తాళమే."

ఆ మనిషి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆలుగడ్డ చిప్స్ తెప్పించుకుని, ఒకటి విరిచి వాసన చూశాడు. బల్ల అడుగున వేలితో రుద్ది చూశాడు. ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడిందో లేదోనని మెడ చాచాడు.

"మామూలు బట్టల్లో వచ్చాడు, దొంగచూపులు చూడు" అన్నాడు యజమాని.

ఓ రోజు బ్రెడ్డు వ్యాను డ్రైవరు ఈ ఇన్‌స్పెక్టరు మాట విని పగలబడి నవ్వాడు.

"ఆయన ఇన్‌స్పెక్టరా? మా ఫ్యాక్టరీలో బ్రెడ్డు ప్యాక్ చేస్తాడు!"

యజమాని నేరుగా మూల బల్ల దగ్గరికెళ్లాడు.

"ఇన్‌స్పెక్టరునని మమ్మల్ని ఇన్నాళ్లూ ఆడిస్తావా?"

"అలాగని నేనెప్పుడైనా అన్నానా బాబూ?"

"మరి ఈ తొంగిచూపులేంటి? మా గుట్టు ఎవరికి మోస్తున్నావ్?"

"ఎవరికీ కాదు. ఒకళ్లు చూస్తుంటే మంచిదని..."

"చాల్లే! మళ్లీ గుమ్మం తొక్కావంటే మర్యాద దక్కదు."

అతను లేచాడు. తిన్న ప్లేటు తనే తీసి తొట్టిలో పెట్టి వెళ్లిపోయాడు.

"హమ్మయ్య!" అంటూ వదిన టోపీ మేకుకు తగిలించింది. ఆ రోజునుంచి పాత నూనెలోనే వేపుళ్లు.

వారం తిరక్కుండానే అసలు ఇన్‌స్పెక్టరమ్మ పెరటి తలుపు తోసుకుని వచ్చింది. కేకేసే వ్యవధి కూడా దొరకలేదు.

మూడో ఎర్ర మార్కు పడింది.

"మొన్నటిదాకా అద్దంలా ఉండేదండీ" అంది వదిన ఏడుపుగొంతుతో. "బ్రెడ్డు ఫ్యాక్టరీ ఆయన వచ్చి మూల బల్ల దగ్గర కూర్చున్నన్నాళ్లూ..."

తాళానికి సీలు వేస్తున్న ఇన్‌స్పెక్టరమ్మ తలెత్తి చూసింది.

"బల్ల కింద వేలితో రుద్ది చూస్తాడు, ఆయనేనా?"

"ఆయనే. మీకు తెలుసా?"

"ఎలా మరిచిపోతాను? తన హోటల్లో తిన్న పాప ప్రాణం పోతే, నేను అడక్కముందే తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టిన మనిషి."